ఆరున్నర శ్రుతి

జనవరి 9

గుండూ,

క్షేమ సమాచారం అంటావా, ఎడమ మోకాలు నొప్పి, కుడిది ఇంకా ఆలోచిస్తోంది. మిగతాదంతా మామూలే. నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా "ఏంటక్కా, వినపడట్లేదు" అని అరుస్తావు. ఆపరేషన్ తర్వాత నా గొంతులో మిగిలింది ఆ గుసగుసే అని నీకూ తెలుసు, అది ఫోనులోంచి పోదని నాకూ తెలుసు. అందుకే ఉత్తరం. ఇందులో నేను నీకంటే గట్టిగా మాట్లాడగలను.

దీంతో పాటు అమ్మ టేపు పంపుతున్నాను. మా షాపుకు కళ్లజోళ్ల అద్దాలు తెచ్చే వ్యాను డ్రైవరు మీ వైపు వస్తుంటే అతని చేతికిచ్చాను. స్వెటర్లో చుట్టి బిస్కెట్ డబ్బాలో పెట్టాను. డబ్బా వెనక్కి రావాలి. మూడేళ్లుగా ఈ టేపు వేయలేదు. చివరిసారి వేసినప్పుడు రీలు కింద గోధుమరంగు పొడి రాలింది. వెంటనే ఆపేశాను. అమ్మ గొంతు మనకు మిగిలింది ఇందులోనే: ఏడు పాటలు, నలభై నిమిషాలు. ఇది రికార్డయిన ఏడాదే అమ్మ పోయింది. నాకు ఆరేళ్లు, నీకు ఇంకా ఏడాది నిండలేదు.

పాత రికార్డులు బాగుచేయడం నీ ఉద్యోగం కాబట్టి నీకు చెప్పేంతదాన్ని కాదు, అయినా చెప్తాను. మా ఓనరు ఈమధ్య పాత పాటలు కొత్తగా రీమాస్టర్ చేసినవంటూ పొద్దస్తమానం పెడుతున్నాడు. "ఎంత క్లియర్‌గా ఉందో చూశారా" అంటాడు. నాకు మాత్రం పాడేవాళ్లందరికీ మొహాలు కడిగి పౌడరు రాసి ఒకే బల్ల మీద వరసగా కూర్చోబెట్టినట్టుంది. ఎక్కడో వెనక ఉండాల్సిన తబలా ఆయన లేచి వచ్చి నా చెవిలో వాయిస్తున్నాడు.

నేను చేసేది అద్దాలు అరగదీసే పని. గాజు మీద గీత పడితే గీతనొక్కదాన్నీ తీయలేం. దాని లోతు దాకా చుట్టూ ఉన్న గాజునంతా అరగదీయాలి. గీత పోతుంది, అద్దం పవర్ మారిపోతుంది. అమ్మ మీదున్న దుమ్ము తుడువు. అమ్మ జోలికి మాత్రం పోకు.

నీ అక్క

*

జనవరి 24

అక్కా,

టేపు, డబ్బా, స్వెటరు మూడూ చేరాయి. మీ డ్రైవరు డబ్బా ఊపి చూసి "ఇన్ని గంటలు మోసుకొచ్చాను, బిస్కెట్లు కావా అయితే" అని దిగులుపడ్డాడు. స్వెటరు నాకు సరిపోయింది కాబట్టి తిరిగి రాదు. గుండూ అని పిలవొద్దని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నాను గానీ, మొన్న అద్దంలో తల చూసుకున్నాక ఆ అభ్యంతరం వెనక్కి తీసుకున్నాను.

టేపు సంగతి. దాని మీద పూత తేమ పీల్చి జిగురుగా అయిపోయింది. అలాగే మెషీన్ ఎక్కిస్తే పూత ఊడి వస్తుంది, పాట ఉన్నది ఆ పూతలోనే. ముందు సన్నటి వేడిలో ఒక పూటంతా ఆరబెట్టాం. తర్వాత ఒకే ఒక్కసారి తిప్పి కంప్యూటర్లోకి ఎక్కించాం. రెండోసారికి టేపు బతుకుతుందన్న నమ్మకం లేదు. మా సీనియరు నా వెనక నిలబడి ఉన్నాడు. ఏడు పాటలూ వచ్చాయక్కా. ఇకమీదట టేపు పోయినా అమ్మ పోదు.

మీ ఓనరు పాటల గురించి నువ్వన్నది సగం నిజం. రీమాస్టర్ అన్న పేరు కింద రెండు వేరు వేరు పనులు జరుగుతాయి. ఒకటి టేపు పాతబడి పట్టిన రొద, చిటపటలు తీసి, కాలం చేసిన నష్టాన్ని చేతనైనంత సరిచేయడం. రెండోది అమ్మకం కోసం. చిన్న శబ్దాన్నీ పెద్ద శబ్దాన్నీ ఒకే ఎత్తుకు లాగుతారు. మొదటి పాటకు బాగుందనిపిస్తుంది, నాలుగో పాటకు తలనొప్పి వస్తుంది. టేపులో లేనిదాన్ని మేం పుట్టించలేం. ఉన్నదాన్ని పోగొట్టగలం, రోజూ పోగొడుతున్నాం కూడా. అమ్మ విషయంలో మొదటి పని మాత్రమే చేస్తాను.

ఒక అనుమానం ఉంది. ఆ రికార్డింగ్ ఎలా చేశారు, మెషీన్ ఎవరిది? నీకు గుర్తున్నంత రాయి. చిన్న సంగతైనా సరే.

తమ్ముడు

*

ఫిబ్రవరి 3

గుండూ,

"టేపు పోయినా అమ్మ పోదు" అన్న చోట ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, ఒక జత అద్దాలు అరగదీసి, మళ్లీ తీసి చదివాను.

మెషీన్ నాన్న ఆఫీసుది. అడిగి తెచ్చాడు, మర్నాడే ఇచ్చేశాడు. సాయంత్రం పూట. వోల్టేజి బొత్తిగా లేదు. బల్బులో తీగ ఎర్రగా కనపడటం తప్ప గదిలో వెలుతురు లేదు. నాన్న అగ్గిపుల్ల గీసి మెషీన్ బటన్లు వెతికాడు. అమ్మ నవ్వుతూ "ఇంత చీకట్లో పాడితే దొంగలు కూడా భయపడి పారిపోతారు" అంది. నాన్నకు సంగీతం తెలిసింది పాట మొదలైందా, అయిపోయిందా అన్నంత వరకే, అయినా ఆ రోజు నోట్లో గుడ్డ కుక్కుకున్నంత నిశ్శబ్దంగా కూర్చున్నాడు. మొదటి పాటకు ముందు ఒక్కసారి దగ్గాడు. వెనకాల నీ ఏడుపు కూడా ఉంటుంది. ఆ రెండూ ఉంచు.

ఇంకో సంగతి. నీకు తెలిసిందే అయినా నా చేత్తో ఎప్పుడూ రాయలేదు. అమ్మ ఆ టేపులో ఆరున్నర శ్రుతిలో పాడింది. ఆడవాళ్లలోనూ అంత పైన నిలబడేవాళ్లు తక్కువ. సంగీతం మాస్టారు నన్ను చేర్చుకున్న రోజు టేపంతా విని, "మీ అమ్మ ఎక్కడ నిలబడిందో నువ్వూ అక్కడే నిలబడాలి" అన్నారు. అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. పద్నాలుగో ఏట గొంతు మారి కిందికి దిగింది. నేను దిగలేదు. పొద్దున్నే టేపు వేసి అమ్మతో కలిసి పాడేదాన్ని. పైస్థాయికి వెళ్లేసరికి గొంతులో ఇసుక పోసినట్టుండేది. నువ్వు పక్కగదిలో పుస్తకం మూసేసేవాడివి. పంతొమ్మిదో ఏట కచేరీలో, మూడో పాట మధ్యలో, గొంతు ఆగిపోయింది. తర్వాత డాక్టరు, ఆపరేషన్, ఈ గుసగుస.

నేనెవరినీ ఏమీ అనను. తల్లికి ఉన్న గొంతు కూతురికి రావాలని రాసిపెట్టి లేదు. అమ్మ అందుకుంది, నేను అందుకోలేకపోయాను. ఆ సంగతి తెలుసు కాబట్టే ఇన్నేళ్లూ నిమ్మళంగా ఉన్నాను.

త్వరగా పంపు. ఓనరుకు వినిపించి నోరు మూయించాలి.

అక్క

*

ఫిబ్రవరి 16

అక్కా,

సీడీ పంపుతున్నాను. రొద తీశాను. దగ్గు, ఏడుపు ఉంచాను. మెషీన్ వేగంలో కొంచెం తేడా ఉంటే సరిచేశాను. మొదట్లో కొత్తగా అనిపిస్తే కంగారుపడకు, రెండు మూడుసార్లు విను.

ఇక్కడ స్టూడియోలో ఏసీ కారుతోంది. మిక్సర్ మీద గొడుగు కట్టుకుని పనిచేస్తున్నాం. ఇంకేం విశేషాలు లేవు. మోకాలు చూపించుకో.

తమ్ముడు

*

ఫిబ్రవరి 25

ఎవరిదిరా ఆ గొంతు?

నాన్న దగ్గు ఉంది. ఆ దగ్గు కూడా ఎవరో లావుపాటాయన దగ్గినట్టుంది. నువ్వు ఏడుస్తున్నావు, పదేళ్లవాడు ఏడ్చినట్టుంది. తర్వాత ఎవరో ఒకావిడ మొదలుపెట్టింది. బరువుగా, తాపీగా, ఎక్కడికీ వెళ్లే పని లేనట్టు. నా ప్లేయరు పాడైందేమోనని షాపుకు తీసుకెళ్లి పెట్టాను. అక్కడా అంతే. నలభై నిమిషాల టేపు నలభై ఐదు నిమిషాలు ఎలా అయిందిరా? ఓనరు లోపల్నుంచి వచ్చి "గొంతు భలే ఉందే, ఎవరు?" అన్నాడు.

అప్పుడర్థమైంది నాకు. ఇప్పుడు బరువు గొంతులకు గిరాకీ ఉంది కదా. మీ కంపెనీవాళ్లు అమ్మను కూడా అరగదీసి, ఆ వరసలో కూర్చోబెట్టి అమ్మాలనుకున్నారు. జోలికి పోకు అని రాశాను. నువ్వు చదివావు కూడా.

నేను ఆ టేపు వేసినప్పుడల్లా నాన్న చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయేవాడు, నీకు గుర్తుండే ఉంటుంది. విని తట్టుకోలేకపోయేవాడు. అంత అచ్చం అమ్మలా ఉండేదది. నీకు అమ్మ గొంతు తెలియదు. ఒళ్లో పిల్లాడివి. నాకు తెలుసు. నువ్వు పంపింది అమ్మ కాదు.

టేపులో ఉన్నది ఉన్నట్టు పంపు.

*

మార్చి 7

అక్కా,

నువ్వన్నదే నిజం. ఇప్పటి వినికిడికి తగ్గట్టు శ్రుతి దించమని పైవాళ్లు చెబితే దించాను. తప్పు నాది. ఇప్పుడు పంపుతున్న సీడీలో టేపులో ఉన్నది ఉన్నట్టే ఉంది, రొద ఒక్కటే తగ్గించాను. ఆ మొదటిది పారేయి. దాని గురించి ఇక మాట్లాడుకోవద్దు.

అమ్మ గొంతు నాకు తెలియదన్నావు. నిజమే. నేను గొంతు అని ఎరిగింది పక్కగదిలోంచి రోజూ వినపడిన నీ గొంతే. పుస్తకం మూసేసింది విసుగుతో కాదు. చదువు సాగేది కాదు, విందామని.

డబ్బా కూడా పంపుతున్నాను. ఈసారి బిస్కెట్లే పెట్టాను.

తమ్ముడు

*

మార్చి 20

గుండూ,

విసుగుతో కాదన్న ముక్క ఇన్నేళ్లకు చెప్పావు. ఆ పరుషమైన ఉత్తరం రాసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అది అలా ఉంచు.

పారేయమన్న సీడీ పారేయలేదు. నిన్న కుట్టుమిషనత్తయ్య షాపుకు వచ్చింది. పాత ఇంట్లో మన గోడకు అవతలి వాటా, గుర్తుందా, అమ్మ బట్టలన్నీ ఆవిడే కుట్టేది. ఎనభై దాటాయి, కళ్లజోడు మార్చుకోవడానికి మనవరాలిని తీసుకుని వచ్చింది. ఆవిడకు అమ్మను వినిపిద్దామని ప్లేయర్లో సీడీ పెట్టాను. చూసుకోకుండా పాతది పెట్టాను, నువ్వు దించింది. తీసేయబోతే చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. ఉంచు. మీ అమ్మే కదూ?"

"కాదత్తయ్యా, ఇది మావాడు పాడుచేసింది. అసలుది వేరే ఉంది" అని ఆవిడ చెవి దగ్గర చెప్పి రెండోది పెట్టాను.

కాసేపు విని మొహం చిట్లించింది. "ఇదెవరు? బస్సు తప్పిపోతుందన్నట్టు పాడుతోందేం?"

"ఇదే అమ్మ."

"నాకు మసకేసింది కళ్లకే, చెవులకు కాదు. మీ అమ్మది నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న గొంతే. గోడ అవతల్నుంచి వింటే ఇంట్లో మగమనిషెవరో పాడుతున్నారనుకునేవాళ్లం. 'ఏమ్మా, ఇవాళ మీ ఆయన పాడాడా' అని ఏడిపించేదాన్ని. నవ్వేసి, 'పైకి పోవడం నాకు చేతకాదు వదినా, ఉన్నచోటే పాడుకుంటాను' అనేది. ఆ మొదటిది పెట్టు. మనవరాలా, నువ్వూ విను."

రెండుసార్లు పెట్టించుకుంది. కొత్త కళ్లజోడు మర్చిపోయి వెళ్లిపోయింది.

పైవాళ్లు చెబితే దించానన్నావు. మన గోడ అవతలికి వినపడిన గొంతు మీ పైవాళ్లకు ఎలా తెలిసింది? ఒరేయ్, నువ్వు చిన్నప్పుడు అబద్ధం చెప్పాల్సొస్తే ముక్తసరిగా మాట్లాడేవాడివి. ఫిబ్రవరిలో నువ్వు రాసిన ఉత్తరం తీసి చూశాను. వేగంలో తేడా అని ఒక ముక్క, ఏసీ, గొడుగు తప్ప ఏమీ లేదందులో.

ఏం కనిపెట్టావో రాయి. నన్ను కాపాడే పని పెట్టుకోకు.

అక్క

*

మార్చి 29

అక్కా,

రాస్తున్నాను. కూర్చుని చదువు.

నేను తీసేయాల్సిన రొదలోనే ఉంది సంగతి. కరెంటుతో నడిచే మెషీన్‌లో రికార్డు చేస్తే, పాట వెనక సన్నగా గుయ్‌మనే శబ్దం కూడా టేపు మీదికి ఎక్కుతుంది. అది కరెంటు ఊగే శబ్దం. మన దగ్గర కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగుతుంది. వోల్టేజి పడిపోయినా ఆ లెక్క మారదు. అమ్మ టేపులో ఆ రొదను కొలిస్తే యాభై దగ్గర లేదు, యాభై ఆరు దగ్గర ఉంది. మొదటి పాట నుంచి ఏడో పాట దాకా అంతే.

దానికి ఒకటే కారణం. వోల్టేజి లేక, ఆ సాయంత్రం మెషీన్ మోటారు నెమ్మదిగా తిరిగింది. నెమ్మదిగా తిరిగినప్పుడు ఎక్కిన పాటను తర్వాత మామూలు వేగంతో తిప్పితే పరుగెత్తుతుంది, శ్రుతి పైకి లేస్తుంది. మెషీన్ మర్నాడే ఆఫీసుకు వెళ్లిపోయింది. మనం ఎప్పుడు విన్నా వేరే మెషీన్ల మీద, సరైన వోల్టేజిలో విన్నాం. రొదను యాభైకి తెస్తే అమ్మ ఐదున్నర శ్రుతికి వస్తుంది. అమ్మ పాడింది అక్కడే. ఆరున్నరలో అమ్మ ఎప్పుడూ లేదు.

జనవరిలోనే అనుమానం వచ్చింది. బల్బు తీగ ఎర్రగా ఉందని నువ్వు రాసినప్పుడు రూఢి అయింది. అదే ఉత్తరంలో కిందికి వస్తే, అమ్మ అందుకుంది, నేను అందుకోలేకపోయాను, అది తెలుసు కాబట్టే నిమ్మళంగా ఉన్నాను అని రాశావు. ఆ తర్వాత ఎలా చెప్పమంటావు? వేగం సరిచేసి ఊరుకుంటే నీకు తెలియకుండా గడిచిపోతుందనుకున్నాను. నీ చెవుల సంగతి మర్చిపోయాను.

ఇందులో ఎవరి తప్పూ లేదు. నాన్న చీకట్లో బటన్ నొక్కాడు. మాస్టారు విన్నదాన్ని నమ్మారు. నువ్వు మాస్టారిని నమ్మావు.

సెలవు దొరగ్గానే వస్తాను.

తమ్ముడు

*

ఏప్రిల్ 17

అక్కా,

ఉత్తరం లేదు. ఫోన్ ఎత్తడం లేదు. షాపుకు చేస్తే మీ ఓనరు "మేడమ్ పనిలో ఉన్నారు, తల ఎత్తట్లేదు" అన్నాడు. వస్తానంటే వద్దన్నావని కూడా ఆయనే చెప్పాడు. మాట్లాడకపోయినా సరే, ఫోన్ ఎత్తి పక్కన పెట్టు. ఉన్నావని తెలుస్తుంది.

తమ్ముడు

*

మే 4

గుండూ,

ఉన్నాను. రావద్దన్నది కోపంతో కాదు. నువ్వు వస్తే ఇద్దరం కూర్చుని ఒకరినొకరు ఓదార్చుకోవాలి. దానికి నాకు ఓపిక లేదు.

నీ లెక్కను నమ్మలేదని కాదు గానీ, అటక ఎక్కాను. అమ్మ శ్రుతిపెట్టె అక్కడే ఉంది. నేను సంగీతం మొదలుపెట్టినప్పుడు మాస్టారు దాన్ని టేపుతో కలిపి చూసి, "రీడ్లు దిగిపోయాయి, పనికిరాదు" అని పక్కన పెట్టించారు. నాన్న కొత్తది కొన్నాడు. ఇప్పుడు దించి, తిత్తి చిరిగిన చోట ప్లాస్టరు అంటించి, గాలి కొట్టాను. ఐదున్నర పలికింది. నువ్వు పంపిన మొదటి సీడీ పెడితే రెండూ కలిసిపోయాయి. రీడ్లు బాగానే ఉన్నాయిరా. ఇంట్లో నిజం చెప్పే వస్తువు అదొక్కటే ఉంటే, దాన్ని అటకెక్కించాం.

టేపు వేయగానే నాన్న బయటికి వెళ్లిపోయేవాడని రాశాను కదా. ఒకసారి గుమ్మం దగ్గర ఆగి, "ఇది మీ అమ్మలా లేదే" అన్నాడు. బాధలో అన్నాడనుకుని ఊరుకున్నాను. ఆయనకు సంగీతం తెలియదు, కానీ భార్య గొంతు తెలుసు. నేనింకోసారి అడిగి ఉంటే ఏం చెప్పేవాడో. అడిగే వయసు నాకు లేదు, చెప్పే తీరు ఆయనకు లేదు.

ఇంకొకటి కూడా చూసుకున్నాను. పద్నాలుగో ఏట నా గొంతు దిగింది ఐదున్నరకే. నాకు బాగా గుర్తు, ఎందుకంటే అక్కడ పాడితే ఏ నొప్పీ ఉండేది కాదు, మాస్టారు "సోమరితనం" అని మందలించేవారు. అంటే అది అమ్మ గొంతే. నాకొచ్చింది. టేపు కట్టేసి ఉంటే ఇద్దరం ఒకే చోట ఉండేవాళ్లం. నేను ఐదేళ్లపాటు దాన్ని అక్కడి నుంచి లాగి లాగి తెంపాను.

మొన్న షాపు కట్టేశాక ఆ సీడీ పెట్టుకుని, అమ్మతో పాటు ఆ చోట ఒక్క చరణం పాడదామని నోరు తెరిచాను. గాలి వచ్చింది. అమ్మ మాత్రం ఆగకుండా పాడుకుంటూ పోయింది.

రీమాస్టర్ చేస్తే పాట బాగుపడుతుందా, పాడవుతుందా అని ఓనరు కొనేవాళ్లతో ఇంకా వాదిస్తున్నాడు. మధ్యలో నా వైపు చూస్తాడు. నేను అద్దం వైపు చూస్తాను.

ఇప్పుడు పని చెప్తాను, చెయ్యి. ఐదున్నరది అసలుది. దాని మీద అమ్మ పేరు రాయి, అదే నలుగురికీ వినిపించు, కుట్టుమిషనత్తయ్యకు ఒకటి పంపు. రెండోదాని మీద ఎవరి పేరూ రాయకు. తప్పుడు వేగం అని చెరిపేస్తారేమో మీవాళ్లు, చెరపనివ్వకు. ఆ శ్రుతిలో అమ్మ పాడలేదని ఇప్పుడు నాకూ తెలుసు. ఆ ఏడు పాటలూ అంత పైన నిలబడి, నీ పక్కగదిలో, పాడిన మనిషి ఒక్కతే ఉంది. ఆవిడని ఎవరూ రికార్డు చేయలేదు.

అక్క